ఊపిరిని గమనించబోతే గుండె దడ పెరుగుతోంది, ఏం చేయాలి?

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి బయటపెట్టవద్దని కోరారు. వయసు నలభై రెండు. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు, చీరలకు ఫాల్, పికో వేస్తారు. భర్త సూరత్‌లో మరమగ్గాల పనిలో ఉన్నారు. పన్నెండు గంటల షిఫ్టు, ఇంటికి రావడం ఏడాదికి ఒకటి రెండుసార్లు. కొడుకు ప్లస్ టూ సైన్సు చదువుతున్నాడు. కిందటి సంవత్సరం అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఆసుపత్రిలో చెప్పారట. పగలూ రాత్రీ ఆ పని ఈవిడదే. రాత్రిళ్ళు ఫోనులో అలారం పెట్టుకుని లేస్తారు.

వేసవి నుంచి ఒంట్లో తేడా మొదలైంది. మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. నిద్ర లేచేసరికి దవడలు బిగుసుకుని ఉంటున్నాయి. "సోమవారం పొద్దున మరీ ఎక్కువ, ఇడ్లీ నమలడానికి కూడా కష్టం" అని రాశారు. పనిలో ఉండగా ఉన్నట్టుండి గుండె దడ వస్తోంది. డాక్టరు బీపీ చూశారు, ఈసీజీ తీయించారు, అంతా బాగానే ఉంది, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు. ఎలా తగ్గించుకోవాలో మాత్రం చెప్పలేదు.

ఎదురింట్లో ఉండే టీచరుగారు ఒక వీడియో చూపించారు. కళ్ళు మూసుకోండి, లోతుగా ఊపిరి పీల్చండి, గుండె చప్పుడు గమనించండి, ఐదు నిమిషాల్లో మనసు ప్రశాంతమవుతుంది అని అందులో ఉంది. ఈవిడ కూర్చున్నారు. కాసేపటికి వేళ్ళు తిమ్మిరెక్కాయి, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది, తల తిరిగింది, గుండె చెవుల్లో కొట్టుకుంది. చచ్చిపోతానేమోనని వాకిట్లోకి పరుగెత్తారు. మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ అదే. టీచరుగారు మాత్రం "మనసులో మలినం బయటికి వస్తోంది, మంచిదే, ఇగత్‌పురి వెళ్ళి పదిరోజుల విపశ్యన ధ్యానం చేయండి" అంటున్నారు.

ఇంకో బాధ. 2018లో తిత్లీ తుపానుకు వాళ్ళ ఇంటి రేకులు ఎగిరిపోయాయి. కొత్తవి వేయించారు కానీ, రాత్రి గాలి లేచి రేకులు అదిరితే చాలు, ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. ఇప్పుడు ఆశ్వయుజం దగ్గరపడుతోంది. విశాఖపట్నంలో ఉండే మరిది ప్రతి ఆదివారం రాత్రి వీడియో కాల్ చేసి తల్లిని చూస్తారు, "వదినా, అమ్మ చిక్కిపోయిందే" అంటారు. ఆయన మంచివారేననీ, ఆయన మీద తనకేమీ లేదనీ ఈ సోదరి రెండుసార్లు రాశారు. భర్తకు ఈ దడ సంగతి చెప్పలేదు. చివరికి అడిగినది ఇది: "నా ఒంటిని నేను చూసుకోవడానికే భయమేస్తోంది. ప్రశాంతత నాలాంటివాళ్ళకు రాదా? ఇగత్‌పురి వెళ్ళాలా, మందులు వాడాలా, వయసుతో వచ్చేదే అని ఊరుకోవాలా? టీచరుగారికి ఏమని చెప్పాలి?"

అమ్మా, ముందు వేళ్ళ తిమ్మిరి సంగతి తేల్చేద్దాం. మీరు ఎక్కువగా భయపడింది దానికే. కంగారులో ఉన్న మనిషి మామూలుగానే కాస్త ఎక్కువ గాలి పీలుస్తుంటాడు. దాని మీద మళ్ళీ పని కట్టుకుని లోతుగా, గబగబా పీలిస్తే రక్తంలో ఉండవలసిన కార్బన్ డయాక్సైడ్ పాళ్ళు తగ్గిపోతాయి. అది వ్యర్థవాయువని బళ్ళో చదువుకున్నాం కానీ రక్తంలో అది ఒక మోతాదులో ఉండి తీరాలి. తగ్గితే వేళ్ళు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది. మీకు జరిగింది అచ్చంగా ఇదే వరస. మనసులోని మలినం బయటికి రాలేదు, ఊపిరి ఎక్కువైంది, అంతే. ఆ వీడియో చేసిన వారికి ఈ చిన్న సంగతి తెలిసి ఉంటే "లోతుగా పీల్చండి" అనే బదులు "నిదానంగా వదలండి" అని చెప్పేవారు.

ఆ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకోవడం ఆరోగ్యవంతుల్లో సహజం. మెదడు నుంచి గుండె దాకా దిగే వేగస్ నాడి ఆ పని చూస్తుంది. అందుకే వదిలే ఊపిరి పొడవైతే గుండె నెమ్మదిస్తుంది. పీల్చడం మామూలుగా ముక్కుతో, పొట్ట కదిలేంత చాలు. వదలడం వేడి టీ మీద ఊదినట్టు, తొందర లేకుండా. పీల్చిన దానికి దాదాపు రెట్టింపు సేపు. ఇలా ఐదారుసార్లు చేస్తే సరిపోతుంది. మరీ ఎక్కువ చేయాలని పట్టుదలకు పోవద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. మీరు కళ్ళు మూసుకుని గుండెను చూసినప్పుడు మీలో ఏ ప్రశ్న ఉందో గుర్తు చేసుకోండి. "సరిగ్గా కొట్టుకుంటోందా? మళ్ళీ దడ వస్తుందా?" అనే కదా? అది పాలు పొంగుతాయేమోనని గిన్నె మీద నుంచి చూపు తిప్పని కాపలా. కాపలా కాసేవాళ్ళకు విశ్రాంతి ఎక్కడుంటుంది? అలా చూస్తున్నకొద్దీ ప్రతి చిన్న కదలికా ప్రమాదంగా తోస్తుంది, ఆ తోచడంతో అడ్రినలిన్ విడుదలవుతుంది, దాంతో గుండె ఇంకా వేగం అందుకుంటుంది, మీ అనుమానం నిజమైనట్టే కనిపిస్తుంది. ఒంటిని పరీక్షించడం వేరు, ఒంట్లో ఉండటం వేరు. అరికాలు నేలకు చల్లగా తగులుతోందని తెలుసుకోవడానికి ఏ అనుమానమూ అక్కరలేదు. అక్కడ తప్పొప్పులు లేవు, మార్కులు లేవు. భయపడుతున్న మనిషిని నేరుగా గుండె దగ్గర, ఊపిరి దగ్గర కూర్చోబెట్టడం అందుకే నాకు ఇష్టం ఉండదు. పాదాల నుంచి, చేతుల నుంచి మొదలుపెట్టాలి. గుండె దగ్గరికి ఎప్పుడో ఒకనాడు వెళ్ళవచ్చు, వెళ్ళకపోయినా నష్టం లేదు.

అయితే పాదాల దగ్గరికి పోయే ముందు ఒక మాట. ఇదంతా ఆందోళనే అని నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేను. మీరు చేయించుకున్నది ఒక్క ఈసీజీ. నలభై రెండేళ్ళ వయసులో, నెలసరి ఎక్కువగా అవుతుంటే రక్తహీనత వల్ల కూడా దడ, ఆయాసం వస్తాయి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే అచ్చం ఆందోళన లాగే ఉంటుంది: దడ, చేతుల వణుకు, నిద్రలేమి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆడవారికి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనత కింద లెక్క. నెలసరి ఆగిపోయే దశకు ముందు కొన్నేళ్ళపాటు కొందరికి దడ, రాత్రి చెమటలు ఉంటాయి, అదీ డాక్టరును అడగండి. "వయసుతో వచ్చేదే" అని ఊరుకోవడానికి ఇంకా చాలా తొందర.

ఇంకొకటి మరచిపోకూడదు. గుండెపోటు ఆడవారిలో ఎప్పుడూ ఎడమ ఛాతీ నొప్పిగానే రాదు. దవడ, మెడ, వీపు నొప్పి, ఆయాసం, వాంతి వచ్చేలా ఉండటం, చల్లని చెమట, ఇవి కూడా దాని లక్షణాలే. మీ దవడ నొప్పి పొద్దున్నే ఉండి, నమిలితే పెరిగి, మధ్యాహ్నానికి సర్దుకుంటోందని రాశారు కాబట్టి అది రాత్రంతా పళ్ళు బిగించడం వల్ల కావచ్చు. కానీ నడిస్తే, మెట్లెక్కితే వచ్చే నొప్పి అయినా, చెమటతో, ఆయాసంతో కలిసి వచ్చి తగ్గకుండా ఉండే నొప్పి అయినా, ఊపిరి లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోను చేయండి. ఆందోళన వల్ల వచ్చే దడ మామూలుగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి తర్వాత దిగడం మొదలవుతుంది.

ఇక ఇగత్‌పురి. టీచరుగారి మాటను కొట్టిపారేయను. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర ఉన్న ఆ కేంద్రాన్ని బర్మా నుంచి వచ్చిన సత్యనారాయణ గోయెంకా 1976లో మొదలుపెట్టారు. పదిరోజుల శిక్షణ, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, రోజుకు సుమారు పది గంటలు కూర్చోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఫోను వాళ్ళకు అప్పగించడం, ఇవీ నియమాలు. రుసుము లేదు, అంతకుముందు నేర్చుకున్నవారి విరాళాలతో నడుస్తుంది. ఎంతోమందికి మేలు జరిగింది. మీకు మాత్రం ఇప్పుడు వద్దని నా అభిప్రాయం. కాసేపు కళ్ళు మూసుకుంటేనే వాకిట్లోకి పరుగెత్తిన మనిషిని పదిరోజులు మౌనంగా కళ్ళు మూసుకుని కూర్చోమనడం, ఈత రానివారిని నడి ఏట్లో దింపడమే. పైగా ఆ పదిరోజులూ అత్తగారిని ఎవరు చూస్తారు? ఆ దిగులుతో కూర్చుంటే ఒంటిని చూస్తారా, ఇంటిని చూస్తారా? దడ తగ్గి, ఇంట్లో ఏర్పాట్లు కుదిరిన తర్వాత, ఏడాది పోయాక వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడుగుతారు, అక్కడ ఈ దడ సంగతి దాచవద్దు.

నిజానికి ఒంటిని గమనించడం కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడే చేయాలని ఎవరూ అనలేదు. పాళీ భాషలోని బౌద్ధ బోధల్లో ఈ పద్ధతి ఊపిరితో మొదలవుతుంది కానీ అక్కడే ఆగదు. నడిచేటప్పుడు, నిలబడినప్పుడు, పడుకున్నప్పుడు, చెయ్యి ముడిచినప్పుడు, చాచినప్పుడు, తినేటప్పుడు, తాగేటప్పుడు ఏం చేస్తున్నామో తెలిసి చేయమంటుంది. ఆ బోధల్లోంచే తీసుకుని 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో ఒక శిక్షణ మొదలుపెట్టారు. మందులతో తీరని దీర్ఘకాలపు నొప్పులున్న రోగులను అందులోకి పంపేవారు. కాలి వేళ్ళ నుంచి తల దాకా ఒక్కో భాగాన్నే పలకరిస్తూ పోవడం అందులో ముఖ్యమైన అభ్యాసం. నొప్పిని పోగొడతామని ఆ శిక్షణ మాట ఇవ్వలేదు, నొప్పితో ఉన్న మనిషి తక్కిన ఒంటిని కూడా పోగొట్టుకోకుండా చూసింది. మీకు కావలసింది ఆ పాటిదే.

మీ దగ్గర ఒక సౌకర్యం ఉంది, బహుశా మీరు గమనించి ఉండరు. కాలితో తొక్కే మిషను. రెండు అరికాళ్ళూ పెడల్ మీద ఉంటాయి. ముందు వేళ్ళు నొక్కుతున్నాయా, మడమ నొక్కుతోందా? కుడికాలు ఎక్కువ పని చేస్తోందా? పాదం కింద ఇనుము చల్లగా ఉందా? ఇవి తెలుసుకుంటూ ఒక కుట్టు వేయండి. తర్వాత కుట్టులో వేళ్ళ దగ్గరికి రండి. పట్టు జారే తీరు వేరు, కాటన్ వేళ్ళకు ఆనే తీరు వేరు, సింథటిక్ బట్ట చిటపటలాడుతుంది. ఇరవై ఏళ్ళుగా మీ వేళ్ళకు తెలిసిన సంగతులే ఇవి, మీరు వాటిని వినడం లేదు, అంతే. తల వంచి కుడుతూ మనసులో మరిదితోనో, సూరత్‌తోనో, రేపటి ఆర్డరుతోనో మాట్లాడుకుంటున్నారు. మనసు మళ్ళీ అటు పోతుంది. పోనివ్వండి, గుర్తొచ్చినప్పుడు పాదం దగ్గరికి తిరిగి రండి. ఎన్నిసార్లు పోయిందో లెక్కపెట్టకండి.

దసరా ఆర్డర్లు మొదలయ్యాక ఇదంతా గుర్తుంటుందా అంటారేమో. గుర్తుండదు. అందుకే ఒక గుర్తు పెట్టుకోండి: బాబిన్‌లో దారం అయిపోయిన ప్రతిసారి. ఎలాగూ ఆగక తప్పదు. దారం చుట్టే ముందు రెండు భుజాలను చెవుల దాకా లేపి, గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలేయండి. బిగించి వదిలే ఈ పద్ధతిని వందేళ్ళ కిందటే ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా వైద్యుడు రూపొందించాడు. బిగిసిన కండరానికి "వదులు" అని చెబితే వినదు, ఇంకాస్త బిగిస్తే అప్పుడు వదలడం దానికి తెలుస్తుంది. ఆ వెంటనే పొడవుగా ఒక ఊపిరి వదిలి, పెదవులు మూసి, పై పళ్ళు కింది పళ్ళకు తగలకుండా దవడను వదులుగా ఉంచండి. పనిలేనప్పుడు పళ్ళు ఒకదానికొకటి ఆనకూడదని చాలామందికి తెలియదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒకసారి చూసుకోండి, ఊపిరి బిగబట్టి, పళ్ళు కొరుకుతూ ఉంటారు. నేను పందెం వేస్తాను.

దడ వచ్చేసినప్పుడు మాత్రం ఈ సూక్ష్మాలేవీ వద్దు. కళ్ళు తెరిచే ఉంచండి. నాడి పట్టుకుని చూడవద్దు. లేచి నిలబడి, చేతులు చల్లని నీళ్ళలో పెట్టి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు పైకి చెప్పండి: కత్తెర, టేపు, హ్యాంగరు, క్యాలెండరు. మీకు ఏ భాష ముందొస్తే ఆ భాషలో, తెలుగో ఒడియానో. "ఇది దడ, ఇంతకు ముందూ వచ్చింది, దిగింది" అనుకోండి. తరిమేయాలని చూస్తే కాపలా మళ్ళీ మొదలవుతుంది. టీలు రోజుకు ఆరేడు తాగుతున్నారని రాశారు. సాయంత్రం తర్వాతవి మానేయండి. టీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది.

తిత్లీ గురించి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటి, మీ గజపతి జిల్లాను ఎంత దెబ్బతీసిందో ఆ ప్రాంతం వారెవరూ మరచిపోలేదు. అంతకు ఐదేళ్ళ ముందు, అదే అక్టోబరులో, గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్. ఆ నెలలో గాలి అంటే మీ ఒళ్ళు బిగుసుకోవడం బలహీనత కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త. కాబట్టి అక్కడ మొదట చేయవలసింది ధ్యానం కాదు. మేస్త్రీని పిలిచి రేకుల బోల్టులు, కొక్కేలు బిగించి ఉన్నాయో లేదో చూపించండి. తుప్పు పట్టినవి మార్పించండి. అత్తగారిని ఏ పక్కా ఇంటికి, ఎవరి సాయంతో తీసుకువెళ్ళాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. కాగితాలు, మందులు ఒక సంచిలో ఉంచండి. వాట్సాప్‌లో తిరిగే తుపాను కబుర్లు చదవకుండా, వాతావరణ శాఖ ప్రకటన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా రాత్రి రేకులు అదిరితే ఒళ్ళు బిగుసుకుంటుంది. అప్పుడు పరుపు ఒంటికి ఎక్కడెక్కడ ఆనుతోందో చూడండి: మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనుక. కళ్ళు తెరిచి, చిన్న లైటు వేసుకుని. ఇది 2018 కాదని ఆలోచనతో చెబితే ఒంటికి ఎక్కదు, పరుపు చెబితే కొంత ఎక్కుతుంది.

ఇంతవరకు చెప్పినది దడతో, బిగువుతో ఎలా మెలగాలని. ఇంకో సంగతి మిగిలింది. రెండు గంటలకొకసారి లేచే మనిషి ఒళ్ళు మొరాయిస్తే అది జబ్బు కాదు, ఫిర్యాదు. నిజమైన ఫిర్యాదు. దాన్ని ఊపిరితో జోకొట్టి పడుకోబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. ఏడాదిగా మీరు ఒక్క రాత్రి కూడా వరసగా నాలుగు గంటలు నిద్రపోలేదు. ఈ ఒక్క వాక్యం మీ డాక్టరుకు చెప్పారా? చెప్పి ఉంటే ఆయన "టెన్షన్ తగ్గించుకోండి" అని పంపి ఉండేవారు కాదేమో.

దారులు కొన్ని ఉన్నాయి. గాలిపరుపు, అంటే మోటారుతో గాలి నిండుతూ తగ్గుతూ ఉండేది, కొనడమో అద్దెకు తీసుకోవడమో చేయవచ్చు. దానితో తిప్పడం పూర్తిగా మానకూడదు, కానీ రాత్రి ఎడం పెంచవచ్చేమో అత్తగారి డాక్టరును అడగండి. కరెంటు పోతే ఏం చేయాలో కూడా అడగండి. రెండోది మీ అబ్బాయి. రాత్రి పదకొండుకు చదువు ముగించేటప్పుడు ఒకసారి, తెల్లవారుజామున చదువుకు లేచినప్పుడు ఒకసారి నాయనమ్మను తిప్పమనండి. చదువుకునే పిల్లలను ఇంటి పనికి కదిలించకూడదన్నది మన ఇళ్ళలో పాతుకుపోయిన మూఢనమ్మకం. పది నిమిషాల పనితో ఎవరి ర్యాంకూ పోదు. పదిహేడేళ్ళవాడికి బరువు ఎత్తే బలం మీకన్నా ఎక్కువే ఉంటుంది. మూడోది, వారానికి రెండు రాత్రులు డబ్బిచ్చి ఒక మనిషిని పెట్టుకోవడం. దానికి డబ్బు కావాలి. డబ్బు అనగానే మరిది దగ్గరికి వస్తాం.

మీరు మొదటి పేజీలో సోమవారం పొద్దున దవడ నొప్పి ఎక్కువని రాశారు. మూడో పేజీలో మరిది ఆదివారం రాత్రి వీడియో కాల్ చేస్తారని రాశారు. రెండింటి మధ్య రెండు పేజీలు ఉన్నాయి కాబట్టి మీకు కనిపించలేదు. ఆయన మీద మీకేమీ లేదంటున్నారు, మీ దవడ మాత్రం అలా అనడం లేదు. ఈసారి ఆయన "అమ్మ చిక్కిపోయిందే" అన్నప్పుడు ఒక్క క్షణం చేతులు, గొంతు, దవడ ఎలా ఉన్నాయో చూసుకోండి. కోపమే కనిపిస్తే కంగారుపడకండి. ఆయన మంచివారు కావడమూ, మీకు కోపం రావడమూ రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు. ఒంటిని గమనించడం మొదలుపెడితే అన్నిసార్లూ ప్రశాంతతే దొరకదని ఆ వీడియోలు చెప్పవు. కొన్నిసార్లు దాచుకున్న కోపం ముందుగా దొరుకుతుంది.

దొరికాక ఏం చేయాలన్నది మీ ఇష్టం. ఏమీ అనకుండా ఉండవచ్చు. ఇంట్లో మాట రాదు, కానీ సోమవారాలు ఇలాగే ఉంటాయి. అత్తగారిని రెండు నెలలు విశాఖపట్నం తీసుకువెళ్ళమని అడగవచ్చు. న్యాయమైన కోరికే, అయితే మంచం పట్టిన మనిషికి ప్రయాణం, కొత్త గది కష్టం, మీ తోటికోడలు మొహం మాడ్చుకుంటే ఆ భారం ఆ పెద్దావిడ మీదే పడుతుంది. ఆవిడ ఇష్టం కూడా అడగాలి, మాట సరిగ్గా రాకపోయినా తల ఊపగలరు కదా. లేదంటే రాత్రి మనిషికయ్యే ఖర్చు మరిదిని భరించమనవచ్చు. నాకు ఇదే ముందుగా చేయదగినదిగా తోస్తోంది. "ఏదైనా సాయం చేయండి" అంటే ఆయన పండ్లు పంపిస్తారు. వారానికి ఇన్ని రాత్రులు, నెలకు ఇంత అని అంకె చెప్పాలి. గాలిపరుపు ధర కనుక్కుని అదీ చెప్పాలి. ఆయన కాదనవచ్చు, మనసు నొచ్చుకోవచ్చు. అప్పుడు కనీసం మీ కోపానికి ఒక ఆధారం ఉంటుంది, మంచివారే అంటూ పళ్ళు కొరుక్కునే శ్రమ తప్పుతుంది.

ఈ మాట మీరు అడగడం కన్నా మీవారు అడగడం మేలు. వదిన అడిగితే చాడీగా వినిపించేది, అన్న అడిగితే బాధ్యతగా వినిపిస్తుంది. మన కుటుంబాల తీరు అంతే, ఇష్టమున్నా లేకపోయినా. దానికి మీవారికి ముందు సంగతి తెలియాలి. పన్నెండు గంటలు మగ్గాల మోతలో నిలబడి వచ్చే మనిషిని కంగారుపెట్టడం ఎందుకని దాచారు. అర్థం చేసుకోగలను. చెబితే ఆయన ఆ దూరంలో కూర్చుని దిగులుపడతారు, నిజమే. చెప్పకపోతే ఏదో ఒకరోజు మీరు ఆసుపత్రిలో ఉన్నారని ఫోను వెళుతుంది. మొదటిది చిన్న దిగులు. దడ గురించి మాత్రమే చెప్పి వదిలేస్తే ఆయనకు చేయడానికి ఏమీ ఉండదు. దాంతోపాటే "తమ్ముడితో ఈ విషయం మాట్లాడండి" అని పని కూడా అప్పగించండి. చేతిలో పని ఉన్న మగవాడు దిగులు కొంత తక్కువ పడతాడు.

మందుల సంగతి రెండు ముక్కల్లో. పరీక్షలు చేయించాక, రెండు మూడు వారాల తర్వాత కూడా దడ రోజూ వస్తున్నా, బయటికి వెళ్ళడానికి భయం మొదలైనా, బతకాలనిపించకపోయినా మానసిక వైద్యులను చూడండి. వాళ్ళు మందు రాస్తే వాడటం ఓటమి కాదు. కొన్ని మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది, వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. వీధిలో ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర మాత్రం ముట్టుకోవద్దు, రాత్రి అలారానికి మెలకువ రాదు సరికదా అలవాటు కూడా అవుతుంది. ఈలోగా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఉంది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడవచ్చు. రాత్రి రెండింటికి అత్తగారిని తిప్పి, నిద్ర పట్టక కూర్చున్నప్పుడు కూడా చేయవచ్చు. బతకాలనిపించని ఆలోచన వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆ క్షణమే చేయండి, అబ్బాయిని లేపండి.

ఇక టీచరుగారికి ఏం చెప్పాలని అడిగారు. ఆవిడతో వాదన వద్దు. మీ మేలు కోరే ఆ వీడియోలు పంపుతున్నారు, ఇంకా పంపుతారు. వారంలో ఒక సాయంత్రం రెండు గంటలు అత్తగారి దగ్గర కూర్చోగలరా అని అడగండి. ఒప్పుకుంటే మొదటి వారం రక్తపరీక్షకు వెళ్ళండి, రెండో వారం మేస్త్రీతో రేకులు చూపించండి. మూడో వారం ఏ పనీ పెట్టుకోకండి. తలుపు వేసుకుని పడుకోండి, అలారం ఆవిడకు ఇచ్చేయండి.